పరుపులమ్మ పరుపు

"ఇక్కడ ఇంకో బస్తా ఉండాలి" అన్నాడు భర్త, వెనక గదిలో దూది బస్తాల మధ్య నిలబడి.

గట్టిగా కూడా అనలేదు. అయినా వసారాలో కూర్చుని దిండు కుడుతున్న కోడలి చేతిలో దబ్బనం ఆగిపోయింది. దూదిలో పుట్టి దూదిలో పెరిగిన మనిషి అతను. బస్తా మీద చెయ్యి వేసి నొక్కితే చాలు, లోపల ఎంతుందో చెప్పేస్తాడు, తక్కెడతో పని లేదు. ఓ లాడ్జివాళ్లు గదులన్నిటికీ కొత్త పరుపులు కావాలంటే, వాళ్ల కోసం మేలైన బూరుగు దూది విడిగా తెప్పించి ఆ గదిలో పెట్టి తాళం వేయించాడు. తాళంచెవులు రెండే. ఒకటి అతని తల్లి దగ్గర, ఒకటి అతని పెళ్లాం దగ్గర. తనకి కావాలంటే పెళ్లాన్నే అడిగి తీసుకుంటాడు.

"బస్తాకి కాళ్లొచ్చి నడిచిపోదు కదా" అంది ఆడపడుచు, టీ గ్లాసులోకి ఊదుకుంటూ. అతనికి అక్క. కాపురం దగ్గర్లోనే, కానీ పొద్దుటి టీ మాత్రం పుట్టింట్లో తాగితేనే ఆవిడకి తెల్లవారినట్టు. "అవునూ మరదలా, మీ తమ్ముడు దిండ్ల కొట్టు పెట్టాడటగా? దూది ఎక్కడ కొంటున్నాడేమిటి?"

నవ్వుతూనే అడిగింది. కొందరి నవ్వుల్లో చక్కెర పైపైనే ఉంటుంది, అడుగున ఏముందో తాగినవాళ్లకే తెలుస్తుంది. కోడలు తలెత్తి భర్త వంక చూసింది. 'అదేం మాటక్కా' అంటాడనుకుంది. అనలేదు. బస్తా మూతికి ముడి వేసుకుంటూ ఉండిపోయాడు.

భర్త అనకపోతే పోనీ... గుమ్మం పక్కన కుర్చీలో అత్తగారు కూర్చుని ఉంది. కోడలి మీద ఈగ వాలినా ఊరుకోని మనిషి. కోడలి కళ్లు అటు తిరిగాయి. 'నా కోడలు అలాంటిది కాదు' అనే ఒక్క మాట చాలు, ఇంకేం అక్కర్లేదు. అత్తగారు ఆ చూపు చూసింది. చూసి తల దించుకుంది. కుర్చీ చేతులు పట్టుకుని మెల్లిగా లేచి, తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

కోడలి గుండె చెరువైపోయింది. ఎవరేమన్నా పడేది, ఎన్ని మాటలన్నా దులిపేసుకునేది. కానీ ఆవిడ లేచి వెళ్లిపోవడం...! ఇన్నేళ్ల కాపురంలో ఒంటరిదాన్నని ఎప్పుడూ అనుకోలేదు ఆమె. ఆ పూట అనుకుంది. కళ్లలో నీళ్లు దిండు మీద పడితే మరక పడుతుందని, దిండు పక్కకి జరిపి మరీ ఏడ్చింది. పరుపుల ఇంటి కోడలు మరి, ఏడుపులోనూ సరుకు గురించే ఆలోచన.

అసలు ఆ ఇంట్లో ఆ తలుపు వేసి ఉండటమే ఈమధ్య వచ్చిన వింత. ముందు కొట్టు, వెనక ఇల్లు, మధ్యలో తలుపుల్లేని గుమ్మాలు... అలా ఉండేది ఆ రోజుల్లో. మామగారు ఏకుడు విల్లు పట్టుకుని దూది ఏకుతుంటే ఆ మోతకి ఇల్లంతా ఓ లయలో పడేది. ఆ మోత ఆగితే ఉయ్యాల్లో పిల్లలు లేచి ఏడ్చేవాళ్లు. గాలిలో దూది, జుట్టులో దూది, తాగే నీళ్లలో కూడా ఓ పోగు తేలుతూ ఉండేది. చుట్టాలు వచ్చి వెళ్లేటప్పుడు గుమ్మంలో నిలబడి ఒకళ్ల వీపు ఒకళ్లు దులుపుకుంటుంటే, "మా ఇంటి గుర్తు నాలుగు రోజులు ఉంచుకోండర్రా, పోయేదేముంది" అని అత్తగారు ఆటపట్టించేది. వీధంతా ఆవిణ్ని పరుపులమ్మ అనేవాళ్లు. మామగారు దూది నింపితే, ఆవిడ కుట్టేది. ఆవిడ వేసిన అంచు కుట్టు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో పట్టుకోవడం ఎవరి తరమూ కాదు.

అలాంటి ఇంటికి, సూదిలో దారం ఎక్కించడం కూడా రాని పిల్ల కోడలుగా వచ్చింది. మొదటి నెలలో దబ్బనం గుచ్చుకోని వేలు లేదు. "నా వల్ల కాదత్తయ్యా" అని ఏడిస్తే, అత్తగారు ఆ వేళ్లు తన అరచేతిలో పెట్టుకుని, "నా వేళ్లు చూడవే, నిన్ను మించిన మొద్దుని నేను. మా అత్తగారు నన్ను కొట్టి నేర్పింది. నేను నిన్ను కొట్టను. ఎందుకంటే నాకు ఓపిక లేదు" అంది. కోడలు ఏడుస్తూనే నవ్వేసింది. అలా నవ్వుతూనే నేర్చుకుంది. దారం లాగేటప్పుడు ఊపిరి బిగబట్టాలని, ముడి వేశాక వదలాలని ఆవిడే నేర్పింది. మధ్యాహ్నాలు ఇద్దరూ పరుపుకి చెరోవైపు కూర్చుని, ఒకే దారం అటూ ఇటూ అందించుకుంటూ కుట్టేవాళ్లు. ఒక పరుపు పూర్తయ్యేసరికి లోకంలో కబుర్లన్నీ పూర్తయ్యేవి.

ఇంకో సంగతి కోడలు ఎన్నటికీ మరచిపోలేదు. తన కూతురు పసిది అప్పుడు. ఎవరో కొత్త దంపతుల కోసం కుట్టి సిద్ధంగా పెట్టిన పరుపు మీదకి పాక్కుంటూ వెళ్లి, హాయిగా పడుకుని, నిద్రలో తడిపేసింది. సాయంత్రం వాళ్లు వచ్చి తీసుకెళ్లాలి. కోడలు వణికిపోయింది. మామగారికి తెలిస్తే ఇల్లు ఎగిరిపోతుంది. అత్తగారు ఆ తడి చూసి, కళ్ల వెంట నీళ్లు వచ్చేదాకా నవ్వింది. "పరుపు బాగుంటే గాని పిల్ల అంత నిశ్చింతగా పోయదే" అని, అంచు విప్పి, తడిసిన దూది తీసి పారేసి, కొత్త దూది కూరి, మళ్లీ కుట్టేసింది. మామగారి దాకా ఆ మాట పోలేదు. ఆ సాయంత్రం కొత్త దంపతులు పరుపు తడిమి చూసి మురిసిపోతుంటే, అత్తాకోడళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోలేక చెరో గదిలోకి పారిపోయారు.

అంతటి అత్తగారు... కొన్ని నెలలుగా మారిపోయింది. మామగారు పోయాక కూడా అంతగా మారలేదు. కొట్టు ముందు కూర్చోవడం మానేసింది. కూతురింటికి రమ్మంటే తలనొప్పి అంటుంది. టీ వద్దు, మంచినీళ్లు వద్దు. గదిలోకి ఎవరినీ రానివ్వదు, పరుపు ఎండలో వేస్తానంటే కసురుకుంటుంది. బట్టల పెట్టెలో వేసే తెల్ల గోళీల వాసన గదంతా. "పెద్దతనం, చాదస్తం" అనుకున్నారు అందరూ. కోడలూ అలాగే అనుకుంది.

మర్నాడు మధ్యాహ్నం భర్త లాడ్జికి మంచాల కొలతలు తీసుకోవడానికి వెళ్లాడు. కోడలు కొట్టులో ఉంది. ఇంటి వెనక నుంచి బకెట్టు దొర్లిన చప్పుడైంది. పరుగెత్తి వెళ్లి చూస్తే స్నానాలగది గుమ్మంలో అత్తగారు గోడకి చేరగిలబడి జారిపోతోంది. పెదాలు ఎండిపోయి బెరడు కట్టినట్టున్నాయి. కళ్లు తెరుస్తోంది గాని మనిషిని పోల్చుకోవడం లేదు. కోడలు రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, ఆ మూసి ఉన్న తలుపు భుజంతో నెట్టి, మంచం దాకా తీసుకొచ్చింది. పడుకోబెట్టబోతే దుప్పటి తడిగా తగిలింది. ఆవిణ్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు చెంచాతో పట్టి, కాస్త తేరుకున్నాక దుప్పటి లాగింది.

లాగి, అలాగే నిలబడిపోయింది.

అది మామగారు నింపిన పరుపు. ఎన్నో ఏళ్లు ఇద్దరు మనుషులు పడుకున్న పరుపు మధ్యలో గుంట పడి ఉండాలి. ఎంత గొప్ప దూదైనా అంతే, మనిషి బరువుకి లొంగిపోతుంది. కానీ ఈ పరుపు నడిమధ్య కొత్తగా కుట్టినట్టు బొద్దుగా ఉబ్బి ఉంది. ఇంకెవరైనా అయితే 'పరుపు బాగుందే' అనుకుని ఊరుకునేవాళ్లు. కోడలు పక్కకి వంగి అంచు తడిమింది. పాత గుడ్డ మీద కొత్త దారం. ఆ కుట్టు ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో తెలియడం లేదు. అలా కుట్టే చేయి లోకంలో ఒక్కటే. మంచం కింద ఓ గోనెసంచి, అందులో తడిసి ముద్దయిన దూది.

"ముట్టుకోకే" అంది కుర్చీలోంచి అత్తగారు. "ముట్టుకోకు... నీకు దణ్ణం పెడతాను."

కోడలికి బస్తా ఎక్కడికి పోయిందో తెలిసిపోయింది. దానికంటే పెద్ద సంగతి కూడా తెలిసిపోయింది. ఆవిడ కాళ్ల దగ్గర నేల మీద కూలబడి, "ఎన్నాళ్ల నుంచి అత్తయ్యా?" అని మాత్రం అడిగింది.

"మొదట్లో తుమ్మితే అయ్యేది. తరవాత నవ్వితే... అందుకే నవ్వడం మానేశాను. ఇప్పుడు ఆ స్నానాలగది తలుపు కనిపిస్తే చాలు, ఇంక ఆగదు. తలుపు దాకా కూడా పోలేను. నీళ్లు మానేస్తే తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు, మంట మొదలైంది. పక్క మీద అయితే మటుకు నాకు తెలియను కూడా తెలియదు."

"ఓ ప్లాస్టిక్ గుడ్డ వేసుకుంటే పోయేది కదా అత్తయ్యా, ఇంత కష్టం దేనికి?"

"మీ మామగారు ఏమనేవారో మరిచిపోయావా? పరుపు మీద ప్లాస్టిక్ వేసేవాడికి పరుపెందుకు, చాప అమ్మండి అనేవారు. ఆయన నింపిన పరుపు మీద నేనే వెయ్యనా?" ఆవిడ కన్నీళ్లు తుడుచుకోలేదు, అవి ఎక్కడికి పోతే అక్కడికి పోనిచ్చింది. "బయటికి తెలిస్తే ఏమవుతుందే? తడిపే ముసల్దాని ఇంట్లో కుట్టిన పరుపు ఎవరు కొంటారు? నీ కూతురు తడిపితే నేను నవ్వాను. పసిపిల్ల తడిపితే ఎవరైనా నవ్వుతారు. నేను తడిపితే ముక్కు మూసుకుంటారు."

కోడలు ఆవిడ మోకాళ్ల మీద తల పెట్టుకుంది.

"నిన్న నువ్వు నా వంక చూశావు" అంది అత్తగారు మెల్లిగా. "ఆ చూపు నన్ను తినేస్తోంది. నోరు విప్పుదామనే అనుకున్నాను. విప్పితే ఇదంతా బయటపడుతుంది. నా సిగ్గు దాచుకోవడానికి నీ మీద నింద పడనిచ్చాను. అంత పాపిష్టిదాన్నయ్యాను... అయినా ఇప్పుడు కూడా అడుగుతున్నాను, మా అబ్బాయికి చెప్పకు. వాడి కళ్లలో నేను పరుపులమ్మగానే ఉండాలి. నా మీద ఒట్టెయ్యి."

ఒట్టు వెయ్యడానికి కోడలికి ఒక్క క్షణం పట్టింది. ఆ ఒక్క క్షణంలో తన తమ్ముడి మొహం కళ్ల ముందు మెదిలింది. తరవాత ఆవిడ చేతిలో చెయ్యి వేసింది. నిందని మొయ్యడం ఎంత కష్టమో అప్పటికి ఆమెకి ఇంకా పూర్తిగా తెలియదు.

ఆ సాయంత్రమే, ఒంట్లో నీరసం అన్న వంకతో, లేడీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. డాక్టరమ్మ మూత్రం పరీక్ష చేయించింది, వాడుతున్న మాత్రలన్నీ చూసింది. తెర వెనక పరీక్ష చేసి వచ్చి, చేతులు కడుక్కుంటూ, "ఎందుకింత ఆలస్యం చేశారమ్మా?" అంది.

"పెద్దతనం కదా, మామూలే అనుకున్నాను" అంది అత్తగారు నేల చూపులు చూస్తూ.

"పెద్దతనంలో చాలామందికి వస్తుంది. అంతమాత్రాన భరించి ఊరుకోవాలని లేదు. నీళ్లు మానేయడం మొదటి తప్పు. నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడి, లోపల అది ఉండే సంచిని గిల్లినట్టు గిల్లుతుంది. ఇంకాస్త తొందర పెడుతుంది. ఇన్‌ఫెక్షన్ కూడా పట్టుకుంది, దానికి మందు ఇస్తాను. నీళ్లు పగలంతా తాగండి, చీకటి పడ్డాక తగ్గించండి. టీ కూడా పొద్దున ఒకసారి చాలు. బీపీకి వాడే ఈ మాత్ర నీరు లాగుతుంది, సాయంత్రం కాదు, పొద్దున వేసుకోండి. అది మార్చుకుంటేనే పక్క సగం పొడిగా ఉంటుంది." డాక్టరమ్మ కోడలి వైపు తిరిగింది. "వచ్చినప్పుడు పరుగెత్తడం కాదు. వచ్చినా రాకపోయినా, గడియారం చూసుకుని వెళ్లాలి. మెల్లిగా ఆ వ్యవధి పెంచుకుంటూ పోవాలి. దారిలో సామాను అడ్డం లేకుండా చూడండి. మలబద్ధకం ఉంటే అది కూడా కింద నొక్కుతుంది, చూసుకోవాలి."

తరవాత ఓ వ్యాయామం చెప్పింది. మూత్రం మధ్యలో ఆపుకోవాలంటే ఎక్కడ బిగిస్తామో అక్కడ బిగించి, కాసేపు ఉంచి, వదలాలట. నిజంగా మూత్రానికి వెళ్లినప్పుడు కాదు, ఊరికే కూర్చున్నప్పుడు. అత్తగారికి ఎంతకీ అర్థం కాలేదు. ఊపిరి బిగబట్టి మొహం ఎర్రబడేలా చేసుకుని, "ఇదేనా?" అంటోంది.

"ఊపిరి కాదత్తయ్యా. దారం లాగి, ముడి పడేదాకా పట్టి ఉంచమంటారు చూడండి, అది కింద చెయ్యాలి. ఊపిరి వదిలేసి."

అత్తగారు ఒక్కసారి ప్రయత్నించి, "ఓసి నీ..." అని నవ్వబోయి, భయంతో ఆపేసుకుంది. ఆ ఆపుకోవడం చూసి కోడలు ఆవిడ చెయ్యి పట్టుకుంది.

కానీ ఇంట్లో కథ ఇంకోలా నడుస్తోంది. మర్నాడు సాయంత్రం భర్త కొట్టు మూసి, చేతులు కడుక్కుని, భార్య ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. అతను కోపిష్టి కాదు, కోపం వస్తే మాట్లాడకుండా ఉండేవాడు. ఆ రోజు మాట్లాడాడు.

"ఇంకో సగం బస్తా దిగింది. లాడ్జివాళ్లకి మాటిచ్చాను. మీ తమ్ముడికి ఇచ్చావా? ఇచ్చానంటే ఏమీ అనను. లేదంటే లేదని చెప్పు."

"లేదు" అందామని ఆమె నోరు తెరిచింది.

"నువ్వు కాకపోతే ఇంక తాళంచెవి ఉన్నది అమ్మ దగ్గరే" అన్నాడు అతను. "అమ్మని అడగనా?"

గది తలుపు అవతల అత్తగారు ఉంది. అడిగితే ఆవిడ అబద్ధం చెప్పలేదు. చెప్పినా మొహం చెప్పేస్తుంది. కోడలు ఆ మూసిన తలుపు వంక చూసింది. లోపల ఓ మనిషి ఊపిరి కూడా తీయకుండా కూర్చుని ఉందని ఆమెకి తెలుసు. నోట్లో ఉన్న మాట మింగేసింది.

"నేనే తీశాను" అంది.

తిడతాడనుకుంది. తిట్టి ఉంటే బాగుండేది. "అడిగితే ఇవ్వననుకున్నావా? మీ తమ్ముడు నాకు మాత్రం తమ్ముడు కాడా?" అన్నాడు. ఆ గొంతులో ఉన్నది కోపం కాదు, విరిగిపోయిన మనసు. "కొన్నాళ్లు వాడి దగ్గరే ఉండు. నాకు నీ మొహం చూడబుద్ధి కావడం లేదు."

ఆడదాని బతుకులో ఎన్ని నిజాలు ఇలా మింగాల్సి వచ్చిందో ఎవరు చెప్పగలరు! తప్పు చేసి తలవంచుకుంటే ఓ తీరు. చెయ్యని తప్పుకి, చేశానని తన నోటితో తనే చెప్పి, తమ్ముణ్ని కూడా అందులోకి ఈడ్చి... ఆమె ఆ రాత్రి ఎలా గడిపిందో రాయడం నా వల్ల కాదు. తెల్లారాక లేచి, ఎప్పటిలాగే ఇల్లు ఊడ్చింది. అత్తగారి మాత్రలు ఏవి పొద్దున వెయ్యాలో విడిగా తీసి పెట్టింది. చెంబుతో నీళ్లు పెట్టింది. తరవాత తన బట్టలు సంచిలో సర్దుకుంది.

ఆడపడుచు అప్పుడే వచ్చి టీ గ్లాసు అందుకుంది. సంచి చూసి, సంగతి తమ్ముడి నోట విని, "నేను అననే అన్నాను" అనబోయి, ఎందుకో మరదలి మొహం చూసి ఆగిపోయింది. కోడలు చెప్పులు వేసుకుంది.

"ఆగు."

ఆ గొంతు కొట్టు గుమ్మంలోంచి వచ్చింది. అత్తగారు నిలబడి ఉంది. చాలా రోజుల తరవాత ఆవిడ కొట్టులోకి అడుగు పెట్టింది. చేతిలో గుడ్డ కత్తిరించే పెద్ద కత్తెర. "ఒరేయ్, నా గదిలో పరుపు తీసుకొచ్చి ఇక్కడ వెయ్యి" అంది కొడుకుతో.

"ఇప్పుడా? ఎందుకమ్మా?"

"తెమ్మన్నానా."

"వద్దత్తయ్యా" అంది కోడలు. "మీరు నాతో ఒట్టు వేయించారు."

"నీతో వేయించాను, నేను వేసుకోలేదు."

కొడుకు పరుపు మోసుకొచ్చి, అమ్మకానికి పరుపులు పరిచే బల్ల మీద వేశాడు. వేస్తూనే అతని చేతులు ఆగాయి. దూది తెలిసిన చేతులు కదా, మధ్యలో ఆ బొద్దుతనం అతనికి తగిలింది. తల్లి వంక చూశాడు. ఆవిడ కత్తెర మొన అంచులో దూర్చి, తను వేసిన కుట్టు తనే కోసుకుంటూ పోయింది. ఏ కుట్టు చూసి జనం మెచ్చుకునేవాళ్లో ఆ కుట్టు. గుడ్డ తెరుచుకుంది. లోపల లాడ్జివాళ్ల బూరుగు దూది తెల్లగా మెరుస్తూ ఉంది. దాని చుట్టూ మామగారు నింపిన పాత దూది పసుపెక్కి గడ్డ కట్టి ఉంది. కిందగా ఓ చోట ఇంకా తడి.

"నీ దూది ఇక్కడుంది" అంది. "నీ పెళ్లాం దొంగ కాదు, నేను దొంగని. పక్క తడుపుతున్నాను. ఇన్ని నెలలుగా తడిసిందల్లా తీసి పారేసి, నీ బస్తాలోంచి తెచ్చి కూరుతున్నాను. అది కనిపెట్టింది. నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టాను. నా గుట్టు దాచడానికి అది దొంగ అనిపించుకుంది. ఆ తలుపు వెనకే కూర్చుని అంతా విన్నాను. రాత్రే బయటికి వచ్చి చెప్పాల్సింది. తెల్లారేదాకా ధైర్యం చాల్లేదు. ఇప్పుడు చెప్పాను. ఇంక ముక్కు మూసుకుంటావో, నన్ను వెళ్లగొడతావో నీ ఇష్టం."

ఆడపడుచు గ్లాసు కింద పెట్టేసి, "నాకైనా చెప్పకూడదా అమ్మా" అని బావురుమంది.

"నీకా? నీకు చెబితే నీ టీ చల్లారేలోగా వీధంతా చేరేది" అంది తల్లి.

కొడుకు ఆ తడిసిన దూది మీదే చెయ్యి వేశాడు. తీయలేదు. "నేను పుట్టినప్పట్నుంచి ఎన్ని పరుపులు తడిపి ఉంటానమ్మా నేను..." అన్నాడు. ఇంటి పెద్దవాడు, చుట్టూ ఆడవాళ్లు చూస్తుండగా, ఆ పరుపు మీద తల ఆనించి ఏడ్చాడు. తల్లి అతని జుట్టులో దూది పోగులు ఏరుతూ నిలబడింది.

తరవాత అతను భార్య దగ్గరికి వచ్చి చేతిలోంచి సంచి తీసుకోబోయాడు. ఆమె వెంటనే ఇవ్వలేదు. ఇవ్వకపోవడం సబబే అంటాను నేను. "మీరు అడగడంలో తప్పులేదండీ" అంది, "కానీ అడగకముందే నమ్మేశారు." అతను తల దించుకుని అక్కడే నిలబడ్డాడు. ఆడపడుచే మెల్లిగా లేచి, మరదలి చెప్పులు కాళ్ల దగ్గర్నుంచి తీసి పక్కన పెట్టింది. ఆ మధ్యాహ్నమే మరదలి తమ్ముడి కొట్టుకి వెళ్లి, ఊరికే వచ్చానంటూ నాలుగు దిండ్లు కొనుక్కొచ్చుకుంది. క్షమాపణ చెప్పడం ఆవిడకి అలాగే చేతనవుతుంది.

ఇంట్లో పద్ధతులు మారాయి. స్నానాలగది దారిలో పేర్చిన బస్తాలు కొడుకే మోసి అవతల పెట్టాడు. అత్తగారి మంచం ఆ గోడ వైపుకి జరిగింది. కోడలు ఆ పాత పరుపుని కోసి మూడు ముక్కల పరుపుగా మార్చింది, మధ్య ముక్కకి నీరు దిగని గుడ్డ తొడుగు. మామగారి దూదిలో బాగున్నదంతా ఏరి తలవైపు ముక్కలో కూరింది. ప్లాస్టిక్ అని అత్తగారు ఒక రోజు మొహం ముడుచుకుంది, రెండో రోజు హాయిగా నిద్రపోయింది. బయటికి వెళ్లేటప్పుడు లోపల పెట్టుకునే ప్యాడ్లు అలవాటయ్యాయి. మందుకి మంట తగ్గింది. పూర్తిగా నయమైపోయిందని చెబితే అబద్ధమే అవుతుంది. ఇప్పటికీ కొన్ని రోజులు తడుస్తుంది. తడిసిన రోజు ఆవిడే పిలిచి చెబుతుంది, ఇద్దరూ కలిసి తొడుగు మార్చేస్తారు.

మధ్యాహ్నాలు మళ్లీ పరుపుకి చెరోవైపు కూర్చుని కుడుతున్నారు. చూపు తగ్గింది కాబట్టి అత్తగారి కుట్టు ఇప్పుడు కనిపిస్తుంది. దానికి ఆవిడకేమీ దిగులు లేదు.

ఒక రోజు కొట్టు నిండా బేరం. పెద్దావిడొకామె పరుపు కోసం వచ్చింది, వెంట కొడుకు. అత్తగారు రంగులు చూపిస్తూ చూపిస్తూ గోడ గడియారం చూసి, "కాస్త ఉండండి, నా టైమైంది. ఇప్పుడు వెళ్లకపోతే ఇక్కడే అయిపోతుంది" అని అందరికీ వినపడేలా చెప్పి లోపలికి వెళ్లింది. గడప దగ్గర కుడుతున్న కోడలు తల వంచుకుని నవ్వుకుంది. తిరిగి వచ్చేసరికి ఆ పెద్దావిడ, కొడుకుని ఏదో నెపంతో వీధిలోకి పంపేసి, ఒంటరిగా కూర్చుని ఉంది. నోరు తెరిచి, మూసి, మళ్లీ తెరిచి, గుసగుసగా అంది:

"అంత బాహాటంగా ఎలా చెప్పగలిగారండీ? మీకు సిగ్గనిపించదా?"

"ఉండేది" అంది అత్తగారు, ఆవిడ పక్కనే కూర్చుంటూ. "ఆ సిగ్గుని కాపాడ్డానికి నా కోడలు దొంగ అనిపించుకుంది. అది చూశాక ఇంక నాకు సిగ్గెక్కడిది? చెప్పండి, మీకు ఎన్నాళ్ల నుంచి?"

ఆ పెద్దావిడ కళ్లు నీళ్లతో నిండాయి. కోడలు చేతిలో కుట్టు పక్కన పెట్టి లేచి, ఆవిడ కోసం లోపల్నుంచి మంచినీళ్లు తెచ్చింది.